నెజా సినిమాలు: చూసినవాళ్లూ చూడబోయేవాళ్లూ తరచుగా అడిగే ప్రశ్నలు

2019లో వచ్చిన "నెజా", 2025లో వచ్చిన "నెజా 2". ఈ రెండు చైనా యానిమేషన్ సినిమాల గురించి ఇంట్లోవాళ్లూ స్నేహితులూ అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. వాటికి జవాబులు ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. మొదటి భాగం ముగింపు అక్కడక్కడా బయటపడుతుంది, ముందే చెబుతున్నా. రెండో భాగంలో అమ్మ సీను గురించిన ప్రశ్నను మాత్రం సినిమా చూడనివాళ్లు వదిలేసి కిందికి వెళ్లిపోండి.

అసలు ఈ నెజా ఎవరు? దేవుడా, రాక్షసుడా?

చైనాలో ఊహ తెలిసిన ప్రతి పిల్లవాడికీ తెలిసిన బాలదేవుడు. కాళ్ల కింద నిప్పులు కక్కే రెండు చక్రాలు, చేతిలో మొన మండుతుండే ఈటె, ఒంటి మీద బంగారు కడియం, గాల్లో తేలే ఎర్ర పట్టువస్త్రం, కోపం వస్తే మూడు తలలూ ఆరు చేతులూ. మనకు చిన్ని కృష్ణుడి అల్లరి ఎలాగో వాళ్లకు నెజా అల్లరి అలాగ, కాకపోతే ఇతని అల్లరిలో శవాలు లేస్తాయి.

సినిమాలో మాత్రం ముద్దొచ్చే బాలదేవుణ్ని ఊహించుకుని కూర్చోకండి. కళ్ల చుట్టూ నల్లటి వలయాలు, ఊడిన పళ్లు, ఫ్యాంటు లోపలికి దూర్చిన రెండు చేతులు, ఎవడేమంటే నాకేంటి అన్నట్టు ఈడ్చుకుంటూ నడిచే నడక. ఆ బొమ్మ మొదట పోస్టర్‌లో కనిపించినప్పుడు చైనాలోనే ఇదేం నెజా అని చాలామంది ముఖం చిట్లించారు. పది నిమిషాలు చూశాక అలవాటైపోతుంది.

రెండో భాగం నేరుగా చూసేయొచ్చా?

వద్దు. రెండోది మొదటిది ఆగిన చోటే మొదలవుతుంది. చచ్చిపోయిన ఇద్దరు పిల్లల ఆత్మలకు ఒళ్లు తయారుచేస్తున్న సీనుతో తెర లేస్తుంది. వాళ్లెవరో, ఎందుకు చనిపోయారో, ఆ లావుపాటి తాగుబోతు గురువు ఎవరో తెలియకపోతే మొదటి అరగంట పక్కవాణ్ని అడుగుతూ గడిపేస్తారు. మొదటిది 110 నిమిషాలు, రెండోది 144. ఒకే రోజు రెండూ పెట్టుకుంటే పిల్లలు నిద్రపోతారు, రెండు రోజులకు పెట్టుకోండి.

మొదటి భాగం కథ రెండు ముక్కల్లో చెప్పండి.

సూర్యచంద్రుల శక్తిని తాగి పెరిగిన ఒక వింత ముత్యం లోకాన్ని ముంచేస్తుంటే దేవలోకపు పెద్దాయన దాన్ని కరిగించి రెండుగా విడదీస్తాడు. ఒకటి దైవముత్యం, ఒకటి అసురముత్యం. అసురముత్యం మీద మూడేళ్ల తర్వాత పిడుగు పడి నాశనమయ్యేలా శాపం పెడతాడు. దైవముత్యం సేనాని లీ జింగ్ కడుపున మూడో కొడుకుగా పుట్టాలి. తాయీ అనే గురువుకు ఆ పని అప్పగిస్తాడు. ఆయన తాగి పడుకుంటాడు. తనకు రావాల్సిన గౌరవం రాలేదని రగిలిపోతున్న మరో శిష్యుడు షెన్ గోంగ్‌బావో సందు చూసుకుని దైవముత్యాన్ని ఎత్తుకెళ్లి తూర్పు సముద్రపు డ్రాగన్ రాజుకిస్తాడు. అలా సేనాని ఇంట్లో అసురుడు, డ్రాగన్ ఇంట్లో దేవుడు పుడతారు. మన పిల్లాడే అసురుడు. మూడేళ్లకు చావు రాసిపెట్టి ఉంది, ఆ సంగతి వాడికి తప్ప ఇంట్లో అందరికీ తెలుసు.

ఇక ఆ డ్రాగన్ కొడుకు ఆవో బింగ్. తెల్లగా, నెమ్మదిగా, మర్యాదగా ఉంటాడు. వీళ్లిద్దరూ సముద్రం ఒడ్డున ఒకరెవరో ఒకరికి తెలియకుండానే స్నేహితులవుతారు. తర్వాత ఏమవుతుందో ఊహించలేనిదేం కాదు, కానీ చూడాల్సిన పద్ధతిలో చూడాలి.

పురాణంలో కూడా ఇదే కథా? లేక సినిమావాళ్లు మార్చేశారా?

మార్చడం కాదు, తలకిందులు చేశారు. ఈ సినిమాలు అంతగా ఎందుకు ఆడాయో అర్థం కావాలంటే పాత కథ తెలియాల్సిందే, అందుకే ఈ జవాబు కాస్త పొడుగు.

పాత కథ 16వ శతాబ్దంలో, మింగ్ రాజుల కాలంలో వచ్చిన "ఫెంగ్‌షెన్ యాన్‌యీ" అనే పెద్ద గ్రంథంలో ఉంది. అందులో తల్లి మూడేళ్ల ఆరు నెలలు మోస్తుంది. చివరికి ఒక మాంసపు ముద్ద పుడుతుంది. ఇదేదో దయ్యమని తండ్రి కత్తితో నరికితే లోపలినుంచి పిల్లాడు బయటికి దూకుతాడు. అంటే పుట్టిన క్షణంలోనే తండ్రి చేతిలో కత్తి ఉంది. ఏడేళ్లప్పుడు ఎండ మండుతోందని తూర్పు సముద్రంలో కలిసే నదిలోకి దిగి ఎర్ర పట్టువస్త్రాన్ని నీళ్లలో జాడిస్తే అడుగున డ్రాగన్ రాజు భవనం ఊగిపోతుంది. అడగడానికి వచ్చిన కాపలా యక్షుణ్ని చంపేస్తాడు. (అవును, యక్షుడే, మన యక్షుడే బౌద్ధంతో పాటు అక్కడికి చేరాడు.) తర్వాత వచ్చిన రాజకుమారుడు ఆవో బింగ్‌ను కూడా చంపి, అతని నరం లాగి నాన్నకు నడుముపట్టీ చేయిద్దామనుకుంటాడు. సినిమాలో ప్రాణస్నేహితులైన ఇద్దరూ పాత కథలో ఇలా ఉంటారు.

డ్రాగన్ రాజులు నలుగురూ కలిసి వచ్చి తల్లిదండ్రుల్ని పట్టుకుంటే, మీ ఒళ్లు మీకే ఇచ్చేస్తున్నా అని పిల్లాడు తన మాంసం, ఎముకలు తనే కోసి అప్పగించి ప్రాణం వదులుతాడు. తల్లి చాటుగా గుడి కట్టిస్తే తండ్రి వచ్చి విగ్రహం పగలగొడతాడు. చివరికి గురువు తామరపూలతో, తామరాకులతో కొత్త ఒళ్లు చేసిస్తే, లేచిన పిల్లాడు చేసే మొదటి పని ఈటె పట్టుకుని తండ్రిని చంపడానికి తరమడం. తండ్రి చేతికి ఒక మాయ గోపురం ఇచ్చి ఆ కొడుకుని అదుపులో పెట్టాల్సి వస్తుంది. తండ్రి మాట వేదమని నమ్మే సమాజంలో ఇలాంటి కథ వందల ఏళ్లు బతికిందంటే ఎంతమంది కొడుకులు లోలోపల ఈ పిల్లాడి పక్షాన ఉన్నారో అనిపిస్తుంది.

1979లో షాంఘై యానిమేషన్ స్టూడియో చేత్తో గీసి తీసిన పాత సినిమా కూడా ఈ దారిలోనే వెళ్లింది. వానలో, అందరి ముందూ పిల్లాడు కత్తి మెడకు పెట్టుకునే ఘట్టం అప్పటి చైనా పిల్లల్ని ఎంత ఏడిపించిందో వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇప్పుడు 2019 సినిమాకు రండి. ఇందులో తండ్రి లీ జింగ్ నోరు తెరిచి ప్రేమగా నాలుగు మాటలు మాట్లాడడు. ముఖం బిగించుకుని తిరుగుతుంటాడు. కానీ కొడుకు మీద పడాల్సిన పిడుగు తన మీద పడేలా మంత్రపత్రం సంపాదించుకుని, ఎవరికీ చెప్పకుండా జేబులో పెట్టుకుని ఉంటాడు. కొడుకుని నరకబోయిన తండ్రి కాస్తా కొడుకు కోసం చావడానికి సిద్ధపడిన తండ్రి అయ్యాడు. థియేటర్లలో జనం ఏడ్చింది యుద్ధాలకు కాదు, దీనికి. పాత కథ తెలిసిన చైనా ప్రేక్షకుడికి ఆ దెబ్బ మనకన్నా రెండింతలు తగులుతుంది.

మన నలకూబరుడే ఈ నెజా అంటున్నారు, నిజమా? లేక మనవాళ్ల గొప్పలా?

గొప్పలు కాదు. చైనా మతాల మీద పనిచేసిన పండితులు చెప్పే మాటే, వాళ్లలో మెయిర్ షహర్ దీని మీద ఒక పుస్తకమే రాశారు. దారి ఇలా ఉంది: మన కుబేరుడు, అంటే వైశ్రవణుడు, బౌద్ధంలోకి ఉత్తర దిక్కు కాపరిగా వెళ్లాడు. చేతిలో చిన్న స్తూపం పట్టుకుని ఉంటాడు. 8వ శతాబ్దంలో అమోఘవజ్రుడిలాంటి తాంత్రిక బౌద్ధాచార్యులు చైనాలో చేసిన అనువాదాల్లో ఆయనతో పాటు ఆయన సంతానం నలకూబరుడూ అక్కడికి వెళ్లాడు. పేరు చైనా నోళ్లలో నలిగి కురచబడింది. తండ్రి వైశ్రవణుడేమో తాంగ్ రాజుల కాలపు నిజమైన సేనాని లీ జింగ్‌తో కలిసిపోయాడు. పురాణంలో లీ జింగ్ చేతిలో ఉండే గోపురం వైశ్రవణుడి స్తూపమే.

ఇక నలకూబరుడు తెలుగువాళ్లకు కొత్తా? భాగవతం దశమస్కంధంలో యశోద రోటికి కట్టేస్తే ఆ రోలు ఈడ్చుకుంటూ వెళ్లి చిన్ని కృష్ణుడు రెండు మద్దిచెట్లు కూల్చాడే, ఆ చెట్లలో ఒకటి నలకూబరుడు, రెండోది తమ్ముడు మణిగ్రీవుడు. తాగి, ఒంటి మీద బట్టల్లేకుండా ఆడవాళ్లతో జలక్రీడలాడుతూ నారదుడు వచ్చినా లెక్కచేయనందుకు పడిన శాపం. ఎదిగిన పోకిరీ అన్నమాట, పిల్లాడు కాదు. పింగళి సూరన కళాపూర్ణోదయంలో కలభాషిణి మనసుపడేది కూడా ఇతని మీదే. మరి అంత అందగాడు చైనాలో పళ్లూడిన పిల్లాడెలా అయ్యాడంటే, కృష్ణుడి బాల్యకథలు కూడా ఇతని కథలో కలిసిపోయి ఉండొచ్చని షహర్ ఊహ. నీళ్లలో నాగుతో తలపడిన పిల్లాడు, నీళ్లలో డ్రాగన్‌తో తలపడిన పిల్లాడు. పూర్తిగా తేలిన విషయమని నేననను, కానీ కాళీయమర్దనం వింటూ పెరిగినవాళ్లకు ఇది అంత దూరపు ఊహగా అనిపించదు.

పిల్లలకు సినిమా చూపించే ముందు మద్దిచెట్ల కథ చెప్పండి, వాళ్లకు ఎవరో పరాయివాడి కథ అనిపించదు.

ఎన్నేళ్ల పిల్లలకు చూపించొచ్చు?

మొదటి భాగం ఏడెనిమిదేళ్లు దాటిన పిల్లలకు పెద్దలు పక్కనుంటే పర్లేదు. వాంతులు, గ్యాసు, ముక్కు చీమిడి జోకులు దండిగా ఉన్నాయి. పిల్లలు పడీపడీ నవ్వుతారు, మీకు కాస్త ఎబ్బెట్టుగా ఉంటుంది, భరించండి. గురువు ఎప్పుడూ తాగే ఉంటాడు, దాన్ని తమాషాగానే చూపిస్తారు.

రెండోది వేరే సంగతి. ఊరు మొత్తం కాలి, మనుషులు నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే బూడిదైపోయిన దృశ్యం ఉంది. నెజా ఒళ్లు ముక్కలై మళ్లీ అతుక్కునే ఘట్టం పెద్దవాళ్లకే గుండె జల్లుమనేలా ఉంటుంది. అదే సినిమాలో మూత్రం జోకు కూడా ఉంది, అదో తూకం వాళ్లది. పదేళ్ల లోపు పిల్లలైతే మీరు ముందు ఒకసారి చూసి నిర్ణయించుకోండి. కార్టూనే కదా అని టీవీ పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోవద్దు.

తెలుగులో చూడొచ్చా?

"నెజా 2" మన దేశంలో 2025 ఏప్రిల్‌లో థియేటర్లకు వచ్చినప్పుడు చైనీస్ మాటలు, కింద ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్. అదే ఏడాది ఆగస్టులో అమెరికాలో ఇంగ్లిష్ డబ్బింగ్ వచ్చింది, తల్లి యిన్ పాత్రకు మిషెల్ యో గొంతు ఇచ్చారు. డబ్బులు కట్టే ముందు భాషల జాబితా చూసుకోండి, ఇదొక్కటే నేను చెప్పగలిగేది. సబ్‌టైటిల్స్ చదవలేని పిల్లలు, అమ్మమ్మలు ఉంటే పక్కన ఒకరు తెలుగులో చెబుతూ ఉండటం మంచిది. మాటలు గబగబా వెళ్లిపోతాయి గనక ప్రతి వాక్యం చెప్పాలనుకోకుండా సారం చెప్పండి.

పేర్లు అన్నీ ఒకేలా ఉన్నాయి, టెన్షన్ వస్తోంది. ఎలా గుర్తుపెట్టుకోవాలి?

"ఆవో" అని మొదలైతే డ్రాగన్ కుటుంబం. "లీ" అంటే నెజా ఇంటివాళ్లు. "షెన్" అంటే చిరుతపులి వంశం, అదే ముత్యం ఎత్తుకెళ్లిన షెన్ గోంగ్‌బావో, రెండో భాగంలో అతని తమ్ముడు, తండ్రి. పంది మీద ఎగురుతూ వచ్చే లావాటాయన తాయీ. తెల్ల గడ్డం, పెద్ద నుదురు, తియ్యటి మాటలు ఉన్న ముసలాయన వూలియాంగ్, ఆయన మీద ఓ కన్నేసి ఉంచండి. ఇంతే, మిగతా పేర్లు అక్కర్లేదు.

షెన్ గోంగ్‌బావో గురించి ఒక మాట. పాత కథలో పచ్చి విలన్. ఇక్కడ నత్తి ఉన్న, కష్టపడి పైకొచ్చిన, జంతువుగా పుట్టినందుకు దేవలోకంలో ఎంత చేసినా గుర్తింపు రాని మనిషి. రెండో భాగం అయ్యేసరికి చైనా యువత సగం ఇతనిలోనే తమను చూసుకుంది, ఊళ్లో అందరూ ఆశపెట్టుకున్న పెద్దకొడుకు పట్నంలో ఉద్యోగంలో నలిగిపోతున్నట్టు. నాకూ ఇద్దరు హీరోలకన్నా ఇతనే బాగా రాసిన పాత్ర అనిపిస్తుంది.

తలుపు దగ్గర కాపలా బొమ్మలేంటి, అలా ఉన్నాయి?

నెజా బయటికి పోకుండా ఇంటి చుట్టూ వేసిన మాయగోడకు కాపలా. వాటి ముఖాలు చైనాలోని సిచువాన్ రాష్ట్రంలో సాన్‌శింగ్‌డుయ్ దగ్గర తవ్వకాల్లో బయటపడిన మూడువేల ఏళ్ల నాటి కంచు ముఖాల నమూనా. దర్శకుడూ స్టూడియో ఆ ప్రాంతానివే, అందుకే గురువు తాయీ మాట కూడా సిచువాన్ యాసలో ఉంటుంది. మన సినిమాల్లో ఒక పాత్ర ఉన్నట్టుండి చిత్తూరు యాసో కరీంనగర్ యాసో అందుకుంటే హాల్లో పుట్టే నవ్వు అక్కడా పుడుతుంది. ఇంగ్లిష్ డబ్బింగ్‌లో ఆ నవ్వు మాయం.

దర్శకుడు ఎవరు? ఇంతకుముందు ఏం తీశాడు?

యాంగ్ యూ, జియావోజీ అనే కలంపేరుతో తీస్తాడు. 1980లో పుట్టాడు. సిచువాన్ విశ్వవిద్యాలయంలో ఫార్మసీ చదివి, ఆ వృత్తిలోకి వెళ్లకుండా సొంతంగా కంప్యూటర్ బొమ్మలు నేర్చుకున్నాడు. ఉద్యోగం మానేసి మూడున్నరేళ్లు ఇంట్లో కూర్చుని, తల్లి పెన్షన్ మీద బతుకుతూ, ఒక్కడే దాదాపు 16 నిమిషాల చిన్న సినిమా తీశాడు. 2008లో అది వచ్చాక పేరు వచ్చింది గానీ పెద్ద సినిమా తీయడానికి ఇంకో పదేళ్లు పట్టింది. ఆ మూడున్నరేళ్లూ తల్లి ఇంట్లోకి ఏం కొందో, ఏం మానుకుందో మనకు తెలియదు. ఆయన సినిమాల్లో తల్లులు అలా ఎందుకు ఉంటారో మాత్రం తెలిసిపోతుంది. ఫార్మసీ వదిలేస్తానంటే మన ఇళ్లలో ఏమంటారో వేరే చెప్పాలా.

అన్ని వేల కోట్లు ఎలా వచ్చాయి?

రెండో భాగం 2025 జనవరి 29న, చైనా కొత్త సంవత్సరం రోజున విడుదలైంది. ఊళ్లకు వెళ్లిన కుటుంబాలన్నీ కలిసి సినిమాకు వెళ్లే సమయం, మన సంక్రాంతి లాగే. ఒకే దేశంలో 100 కోట్ల డాలర్లు దాటిన మొదటి సినిమా, ప్రపంచంలో 200 కోట్ల డాలర్లు దాటిన మొదటి యానిమేషన్ సినిమా. మన లెక్కలో 17 వేల కోట్ల రూపాయల పైమాటే. అందులో దాదాపు అంతా చైనా లోపలే వచ్చింది. బయటి దేశాల్లో బాగానే ఆడింది గానీ ఆ ఊపు లేదు.

చాటింపు మాత్రమే కాదు, పని ఉంది. 138 యానిమేషన్ సంస్థలు, 4 వేల మందికి పైగా పనిచేశారు. గొలుసులతో కట్టేసిన సముద్రజీవుల సైన్యం పైకి లేచే యుద్ధం పెద్ద తెర మీద చూసినవాళ్లు ఆ డబ్బు ఎక్కడికి పోయిందని అడగరు. ఫోన్‌లో చూస్తే మాత్రం చీమల పుట్టలా కనిపిస్తుంది.

రెండో భాగంలో అమ్మ సీను గురించి ఎందుకంత మాట్లాడుతున్నారు?

(చూడనివాళ్లు దాటేయండి.)

మొదటి భాగంలో కాలితో ఎగరేసే ఈకల బంతి ఆట గుర్తుందా? యిన్ కూడా సేనానే. రాక్షసులు వచ్చిపడితే ఆమె కూడా యుద్ధానికి పోవాలి. దొరికిన కాస్త తీరికలో కొడుకుతో ఆ ఈకల బంతి ఆడుతుంది. వాడి కాలి బలానికి అది తుపాకీ గుండులా వస్తుంది, అయినా తంటాలు పడుతూ ఆడుతుంది. అంతలో పిలుపు వస్తుంది, వెళ్లిపోతుంది. పిల్లాడు మళ్లీ ఒక్కడే.

రెండో భాగంలో అందర్నీ కరిగించే కొలిమిలో, నెజా ఒళ్లంతా ముళ్లు పొడుచుకొచ్చి ఎవరూ దగ్గరికి రాలేని స్థితిలో, ఆమె ఆ ముళ్లతో సహా కొడుకుని కావలించుకుంటుంది. మాటలు తక్కువ. నువ్వు దేవుడివో రాక్షసుడివో నాకు అక్కర్లేదు, నా కొడుకువి, అంతే అన్నది సారం. తర్వాత వచ్చేదంతా హోరు, దెబ్బలాట, వెలుగులు. సినిమా అసలు బరువు ఇక్కడుంది. చివరి యుద్ధం కాస్త సాగదీశారనే మాట నిజమే, ఓ పది నిమిషాలు కత్తిరిస్తే ఇంకా బాగుండేది.

రెండో భాగం అమెరికా మీద వ్యంగ్యమట కదా?

చైనా నెట్ జనం అలా చదివారు. తెల్లగా మెరిసే దేవలోక భవనం, పైకి నీతులు చెబుతూ కింద బలహీనుల్ని మాత్రలు చేసి మింగేసే పెద్దలు, గద్దలా కనబడే ముద్ర, డాలర్ గుర్తులా కనబడే గీత అంటూ ఫొటోలు పెట్టి వాదించారు. ఉండొచ్చు. కానీ పైనున్నవాడు నియమాలు రాసి కిందున్నవాణ్ని నేరస్థుణ్ని చేసే కథకు ఏ దేశమైనా సరిపోతుంది.

ఇప్పటికీ పూజిస్తారా?

బాగా. తైవాన్‌లో మూడో రాకుమారుడని పిలుస్తారు. పెద్ద బొమ్మ తొడుగుల్లో దూరి టెక్నో పాటలకు ఊరేగింపుల్లో డాన్స్ చేస్తారు, అదో జాతర సందడి. మకావులో సెయింట్ పాల్ చర్చి శిథిలాల పక్కనే 1888లో కట్టిన చిన్న నెజా గుడి ఉంది. రోగాలు తగ్గాలని కట్టుకున్న గుడి, ఇప్పుడు యునెస్కో వారసత్వ జాబితాలో భాగం.

మనవాళ్లు ఇలాంటివి ఎందుకు తీయరు?

తీస్తున్నారు. 2025 జూలైలో వచ్చిన "మహావతార్ నరసింహ"కు తెలుగులో కూడా జనం కుటుంబాలతో కదిలారు. అదీ తండ్రీకొడుకుల కథే. తేడా ఏంటంటే మనవాళ్లు పురాణాన్ని ఉన్నదున్నట్టు చూపించడానికి ఇష్టపడతారు, చైనావాళ్లు విలన్‌కు నత్తి పెట్టి, దేవుడి పళ్లు ఊడగొట్టి, శత్రువుల్ని స్నేహితులుగా మార్చేసి కూడా గుడికెళ్లేవాళ్ల చేత టిక్కెట్లు కొనిపించారు. మన దగ్గర అంత మార్పు చేస్తే మొదటి రోజే కోర్టు కేసు పడుతుంది. అయినా ఒకప్పుడు మన కవులు నలకూబరుణ్ని తమ కథలకు కావలసినట్టు వాడుకోలేదా?

టైటిల్స్ పడగానే లేచి వచ్చేయొచ్చా?

వద్దు, రెండు భాగాల్లోనూ టైటిల్స్ మధ్యలోనో చివర్లోనో అదనపు సీన్లున్నాయి. బాత్రూమ్‌కు ముందే వెళ్లి రండి.